టమాటాపండునకు తీపి యెట్లు చేరును?

టమాటాను మన ప్రాంతములలో కొందఱు రామములగ యనియు వ్యవహరింతురు. ఇది మన దేశమున పుట్టిన మొక్క కాదు. దీని అడవిజాతులు దక్షిణ అమెరికాఖండమున ఆండీసు పర్వతములకు పడమటనున్న పెరూ, ఈక్వడారు మొదలగు దేశములలో నేటికిని పెరుగుచున్నవి. దూరదేశమునుండి వచ్చినదైనను ఇపుడు ఇది మన వంటయింటి వస్తువైనది. అయినను కాయ పెరిగినది, రంగు వచ్చినది, రుచి మాత్రము తగ్గినదని పెద్దలు తఱచుగా అనుచుందురు. ఈ మాట వట్టి నిష్ఠూరము కాదు. దీనికి గల కారణము కాయలోపల పనిచేయు ఎంజైములను పదార్థములయందు గలదు.

ఎంజైమనగా నేమి? అన్నపుముద్దను నోట నుంచుకొని చాలసేపు నమలినచో అది క్రమముగా తియ్యనగును. అన్నములోని పిండిని మన లాలాజలములోని యొక ఎంజైము చక్కెరగా విడదీయుటయే యిందుకు కారణము. రాగులను నానబెట్టి మొలకెత్తించినపుడు కలుగు తీపియు నిట్టిదే. ఎంజైము ఒక ప్రొటీను. అది తాను తరిగిపోక, ఒక పదార్థమును మఱియొక పదార్థముగా మార్చును. ఒక్కొక్క ఎంజైము ఒక్కొక్క పనికి మాత్రమే తగియుండును. ఎమిల్ ఫిషరను జర్మను శాస్త్రజ్ఞుడు 1894వ సంవత్సరమున దీనిని తాళమునకు తాళపుచెవి యమరుటతో పోల్చెను.

ఇక కాయ సంగతి చూతము. పచ్చికాయ స్వయముగా కొంత చక్కెరను చేసికొనగలిగినను, దానికి కావలసిన చక్కెరలో అధికభాగము ఆకులనుండియే వచ్చును. ఆకు సూర్యకాంతి సాయమున చక్కెరను తయారుచేసి, సుక్రోసు రూపమున కాడలలోని సన్నని నాళములగుండ కాయకు పంపును. సుక్రోసనగా మనమెఱిగిన చెఱకుచక్కెరయే. అయితే అది వేరునకో, చిగురునకో పోక కాయకే యేల రావలెను? కాలువనీరు పల్లపుచేనికి పాఱుట మనకు తెలిసినదే. చేను నిండి నీటిమట్టము సమమైనచో పాఱుట నిలిచిపోవును. అట్లే కాయ తనకు చేరిన సుక్రోసును ఎప్పటికప్పుడు వేఱు రూపములకు మార్చుచున్నంతకాలము ఆకులనుండి క్రొత్త సుక్రోసు వచ్చుచునే యుండును. ఈ మార్చుపని ఎంజైములది.

పూత నిలిచినది మొదలు పండు ఎఱ్ఱబాఱువఱకు సుమారు 45 మొదలు 60 దినములు పట్టును. పిందెదశలో సుక్రోసు సింథేసను ఎంజైము ముఖ్యముగా పనిచేయును. అది సుక్రోసును విడగొట్టగా, అందు కొంత కాయ పెరుగుదలకు వ్యయమగును, కొంత పిండిగా నిలువయగును. పచ్చికాయ ఎండుబరువులో అయిదవవంతువఱకు పిండి యుండవచ్చును. పిదప ఆ పిండి కరగి చక్కెరగా మాఱును. కాయ పండబాఱు సమయమున ఇన్వర్టేసను మఱియొక ఎంజైము విజృంభించును. అది కణములలోని రసపుతిత్తులలో నుండి, సుక్రోసును గ్లూకోసు, ఫ్రక్టోసు అను రెండు చక్కెరలుగా చీల్చును. అందుచేతనే పండిన టమాటాలో ఈ రెండును దాదాపు సమభాగములుగా నుండి, సుక్రోసు అత్యల్పముగా నుండును. ఫ్రక్టోసు చెఱకుచక్కెరకంటె తియ్యనైనది. గ్లూకోసు దానికంటె తక్కువ తీపి గలది.

ఇచట నొక భేదమును గుర్తింపవలెను. ముదిరిన పచ్చిమామిడికాయలో పిండి సమృద్ధిగా నుండును. దానిని గడ్డిలో మాగవేసినపుడు ఆ పిండియే చక్కెరయగును. టమాటా యట్టిది కాదు. కాయ రంగు తిరుగునాటికే దానిలోని పిండి చాలవఱకు కరగిపోయియుండును. కనుక పచ్చిగా కోసి యుంచిన టమాటా ఎఱ్ఱబడును, మెత్తబడును. కాని చెప్పుకొనదగినంత తీపిని క్రొత్తగా సంపాదింపజాలదు. దాని తీపి తీగెమీదనే నిర్ణయమగును. మదనపల్లె వంటి పెద్ద అంగళ్లనుండి దూరపు పట్టణములకు సరకు పోవలెనన్న దోరకాయను కోయక తప్పదు. కావున ఆ కొన్ని దినముల తీపిని రైతును, కొనువాడును ఉభయులును కోల్పోవుచున్నారు.

తీపిని పెంచుటకు శాస్త్రజ్ఞులు అడవిజాతులను ఆశ్రయించిరి. 1962లో హ్యూ ఇల్టిసు, డాన్ యూజెంటు అనువారు పెరూదేశమున నొక చిన్న పచ్చికాయల టమాటాను సేకరించి, దాని విత్తులను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందలి చార్లెసు రిక్కునకు పంపిరి. ఆయన దానిని సాగురకములతో పలుతరములు సంకరముచేసి, రసమున కరగు పదార్థము హెచ్చుగా గల రకములను సాధించెను. ఆ అడవిజాతి పండులో ఇన్వర్టేసు పని మిక్కిలి తక్కువ. అందుచే సుక్రోసు చీలక యట్లే నిలిచియుండునని పిమ్మట తెలిసినది. 2004లో ఇజ్రాయెలుదేశపు శాస్త్రజ్ఞులు వేఱొక అడవిజాతియందు, కణపుగోడలవద్ద నుండు ఇన్వర్టేసులోని ఒకే యొక చిన్న మార్పు పండు చక్కెరను పెంచునని చూపిరి.

2024లో చీనాదేశమునుండి వెలువడిన పరిశోధన మఱింత విశేషమైనది. టమాటాలో సుక్రోసు సింథేసును నశింపజేయు రెండు ప్రొటీనులు గలవనియు, అవి తీపికి కళ్లెమువలె నున్నవనియు వారు కనుగొనిరి. ఆ రెంటికి మూలమైన జన్యువులను పనిచేయకుండజేయగా, కాయ బరువు తగ్గకయే గ్లూకోసు, ఫ్రక్టోసులు 30 శాతమువఱకు హెచ్చినవి. విత్తులు కొంచెము తగ్గి, తేలికయైనను చక్కగా మొలకెత్తినవి. సాగుటమాటా తన అడవి పూర్వజాతికంటె 10 మొదలు 100 రెట్లు పెద్దది. సాధారణముగా కాయ పెరిగినకొలది తీపి పలుచబడును. ఈ రెంటిని ఒకచోట చేర్చు మార్గము కలదని యిందువలన తెలియుచున్నది.

అట్టి విత్తులు మన చేతికి వచ్చువఱకు రైతు చేయదగినది లేకపోలేదు. చక్కెరకు పుట్టినిల్లు ఆకు; కనుక తెగులు, పురుగు ఆకును తినకుండ కాపాడుట తీపిని కాపాడుటయే. పండులో నూటికి 94 పాళ్లు నీరే కనుక కోతకు ముందు నీరు అధికముగా పెట్టినచో బరువు పెరుగును, రసము పలుచనగును. మితముగా పెట్టినచో రుచి హెచ్చును, దిగుబడి కొంత తగ్గును. ఇంటి వాడుకకును, ఊరి సంతకును ఉద్దేశించిన కాయనైనను చెట్టుననే పూర్తిగా పండనిచ్చుట మేలు. తూకమునకు మాత్రమే వెల కట్టినంతకాలము తూకమే పండును; రుచికికూడ వెల కట్టుట కొనువారు నేర్చినపుడు రుచియు పండును.