గాలివాన వెలిసిన మరునాడు

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అని మన పెద్దలు చెప్పిన సామెత లోకములో అందరికిని వర్తించునదే. కాని నెల్లూరు సముద్రతీరమున నివసించువారికి అది ఉపమానము కాదు, కన్నులార చూచిన విషయము. సాయంకాలము వరకు ఒక తెప్పకును, నాలుగు వలలకును యజమానియై, పదిమందికి పని చూపుచుండిన మనిషి, తెల్లవారునప్పటికి కట్టుబట్టలతో ఇసుకమీద నిలువబడవలసి వచ్చుట ఆ తీరమున ప్రతి తరమువారును ఎరిగినదే.

తుఫాను ఒక రాత్రి పని. ఆ రాత్రినిగురించి పత్రికలు విపులముగా వ్రాయును. గాలి ఎంత వేగముతో వీచినది, ఎన్ని ఇండ్లు కూలినవి, ఎందరు మరణించినారు అను సంగతులు మనకు త్వరలోనే తెలియును. ఆ మరునాటినుండి ఆరంభమగు నెలలు, సంవత్సరములు ఎట్లు గడచునో మాత్రము అంతగా తెలియదు. మనిషి క్రుంగిపోవుటయో, తిరిగి లేచి నిలుచుటయో తేలునది ఆ తరువాతి దినములలోనే. కనుక ఈ ప్రసంగమునకు ఆ మరునాడే విషయము.

బంగాళాఖాతములో తుఫానులు పుట్టుటకు ముఖ్యముగా రెండు కాలములు కలవు. నైరుతి ఋతుపవనమునకు ముందు వచ్చు ఏప్రిల్, మే నెలలు ఒకటి. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు రెండవది. నెల్లూరు తీరమునకు ఈ రెండవ కాలమే ఎక్కువ గండము. 1927 నవంబరులోను, 1984 నవంబరులోను, 1989 నవంబరులోను పెనుతుఫానులు ఈ తీరమును తాకినవి. 2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారమునాడు తుఫాను సూచన ఏదియు లేకుండగనే సునామీ అలలు వచ్చిపడినవి. సుమత్రా దీవి సమీపమున సముద్రగర్భములో కలిగిన భూకంపము దానికి కారణము. అలల మాటే తప్ప సునామీ అను మాట అదివరకు విననివారు ఆనాటినుండి దానిని మరువలేదు.

ఇట్టి ఉపద్రవము మనిషివద్దనుండి ఏమేమి తీసికొనిపోవును? ప్రాణనష్టము మొదటిది, దానికి పరిహారము లేదు. రెండవది పనిముట్టు. ఒక్కొక్క జాతి చేపకు ఒక్కొక్క కన్ను గల వల కావలెను. ఒక కుటుంబము వలలను సమకూర్చుకొనుటకు ఏండ్లు పట్టును. పొలము గలవానికి ఇంకొక విధమైన నష్టము. ఉప్పెన నీరు తీసిపోయినను ఉప్పు మిగులును. ఆ ఉప్పు మంచినీటిలో కరిగి కొట్టుకొనిపోవువరకు నేల సరిగా పండదు, బావినీరు నోట పెట్టరాదు.

మూడవ నష్టము కంటికి కనబడదు. పల్లెకారుల దినమునకు ఒక ఆకారము ఉండును. కోడి కూయకముందే నీటిలో దిగుట, ప్రొద్దెక్కిన తరువాత ఒడ్డు చేరుట, స్త్రీలు చేపల తట్టలు నెత్తిన పెట్టుకొని అంగడికి పోవుట, సాయంకాలము చెట్టునీడను కూర్చుండి చిరిగిన వలలు అల్లుకొనుట: ఇది వారి జీవితక్రమము. తెప్ప పోయిన మరునాడు మనిషికి అలవాటు చొప్పున తెల్లవారుజామున మెలకువ వచ్చును గాని, వెళ్ళవలసిన చోటు ఉండదు. సహాయశిబిరమున అన్నము దొరకును. ఆ అన్నము తిని చేయవలసిన పని దొరకదు. “నేను ఎందుకు పనికివచ్చుదును?” అను ప్రశ్న అచ్చటనే పుట్టును.

ఈ సమయముననే అప్పు ఎదురువచ్చును. చేపల వ్యాపారి వలకును, పడవకును ముందుగా సొమ్ము ఇచ్చును. దానికి వడ్డీ అను పేరు ఉండకపోవచ్చును. కాని పట్టిన చేపనంతయు అతనికే, అతడు చెప్పిన ధరకే అమ్మవలసి ఉండును. తుఫాను ఒక్కసారి తీసికొనిపోయినదానిని ఈ ఏర్పాటు కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి తీసికొనిపోవును. కనుక ధైర్యము చాలలేదని ఒక పేదవానిని నిందించుటకు ముందు, అతని వల ఎవరి సొమ్ముతో వచ్చినదో విచారించుట న్యాయము.

అయినను ఈ తీరప్రజలు ఓడిపోలేదు. 1977 నవంబరు 19వ తేదీని కృష్ణాజిల్లా దివిసీమను ముంచిన ఉప్పెనలో దాదాపు పదివేలమంది మరణించినారు. పండ్రెండేండ్లకు, 1989 నవంబరులో, కావలి సమీపమున తీరము దాటిన తుఫాను గాలివేగములో దానికి తీసిపోయినది కాదు. కాని మృతుల సంఖ్య నూరుకు మించలేదు. తుఫాను తాకిన చోటు, వేళ, ఉప్పెన ఎత్తు వేరువేరు కనుక ఈ రెండింటిని అన్నివిధముల పోల్చరాదు. అయినను ఒక సంగతి స్పష్టము. గాలి మెత్తబడలేదు, సముద్రము మారలేదు. మారినది మనుష్యుల సన్నాహము. దివిసీమ విషాదము తరువాత తీరమున తుఫాను రక్షణ భవనములు లేచినవి. వాతావరణశాఖ హెచ్చరికలు త్వరగా అందసాగినవి. రేడియోలో చెప్పిన మాట విని ఇల్లు వదలి కదలుట ప్రజలు నేర్చుకొన్నారు. సునామీ తరువాత, 2007 అక్టోబరులో, హైదరాబాదునందు సునామీ హెచ్చరిక కేంద్రము వెలసినది.

దీనిలో గ్రహించవలసిన విషయమొకటి కలదు. హెచ్చరిక ఎంత శీఘ్రముగా వచ్చినను, పల్లెలో దానిని చేతలోనికి తెచ్చువారు ఉండవలెను. రక్షణ భవనము తాళపుచెవి ఎవరివద్ద ఉండవలెను? ముసలివారిని, గర్భిణీస్త్రీలను మొదట ఎవరు చేర్చవలెను? సముద్రముమీదికి పోయినవారి లెక్క ఎవరు చూడవలెను? ఇట్టి పనులకు ఒకసారి దెబ్బ తిన్నవారికంటె శ్రద్ధగలవారు దొరకరు. తనకు పట్టిన గతి ఇంకొకరికి పట్టరాదను పట్టుదల వారికి ఉండును. పోగొట్టుకొన్నదానిని తిరిగి తేలేకపోయినను, ఆ నష్టమునుండి ఒక కర్తవ్యమును సంపాదించుకొన్నవారు వీరు.

ఆపద సముద్రమునుండియే రానక్కరలేదు. తీరమునకు పడమట, మెట్టప్రాంతమున, కలిగిరి వైపు దూబగుంట అను గ్రామము ఉన్నది. అచ్చటి ఉపద్రవము సారా. మగవాని కూలి సారా అంగడికి చేరుచుండెను. స్త్రీకి మిగిలినవి పస్తులు, దెబ్బలు. 1990 దశకారంభమున జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము ముమ్మరముగా సాగినది. రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొన్న స్త్రీలు పాఠములోని కథను తమ ఇంటి కథతో పోల్చి చూచుకొన్నారు. తమ ఊరిలో సారా అమ్మకమును వారే ఆపివేసినారు. వర్ధినేని రోశమ్మ, దూబగుంట రోశమ్మ అను పేరుతో, ఈ ఉద్యమమునకు గుర్తుగా నిలిచినది. ఆమె 2016లో మరణించినది. 1992లో ఆ ఉద్యమము ఊరూరికి ప్రాకి జిల్లాలో సారా వేలముపాటలను నిలిపివేసినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా నిషేధము వచ్చినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయినమాట నిజమే. కాని ఆ స్త్రీలు అచ్చటితో ఆగలేదు. రోజుకొక రూపాయి చొప్పున దాచుకొను పొదుపులక్ష్మి సంఘములను వారు నెలకొల్పుకొన్నారు. రూపాయి చిన్నది. కాని తన పేరున ఒక పద్దు, తన మాటకు ఒక సభ, అవసరమునకు వడ్డీవ్యాపారి గడప ఎక్కకుండ దొరకు అప్పు, ఇవి చిన్నవి కావు. తరువాతి కాలమున రాష్ట్రమంతటను వ్యాపించిన మహిళా సంఘములకు ఈ జిల్లా ఒక దారి చూపినది.

వ్యక్తి విషయమునకు వత్తము. నేడు ఏ మహనీయుని పేరు ఈ జిల్లా ధరించియున్నదో, ఆ పొట్టి శ్రీరాములుగారు 1901లో మదరాసున జన్మించి, బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి, రైల్వేలో ఉద్యోగము చేయుచుండినారు. ఆయనకు ముప్పదియేండ్లైనను నిండకమునుపే భార్యయు, పసిబిడ్డయు గతించినారు. కొంతకాలమునకు ఆయన ఉద్యోగము విడిచి సబర్మతి చేరి గాంధీజీ సేవలో ప్రవేశించినారు. తరువాత నెల్లూరులో హరిజనుల ఆలయప్రవేశముకొరకు పాటుపడినారు. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయము విషయమై ఉపవాసము చేసినారు. 1952లో ఆంధ్రరాష్ట్రముకొరకు ఆయన చేసిన ప్రాణత్యాగము లోకవిదితము. కాని మన ప్రస్తుత విషయమునకు ఆయన మరణముకంటె, నెల్లూరు వీధులలో చెప్పులు లేకుండ, గొడుగు లేకుండ తిరిగి, నవ్వినవారిని లెక్కచేయక తాను నమ్మినదానిని చెప్పుచు గడపిన సంవత్సరములే ముఖ్యము. సొంత ఇల్లు శూన్యమైనవాడు ఊరినే ఇల్లుగా చేసికొన్నాడు.

దూరదేశమున వియన్నా నగరపు వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ ఇట్టి సంగతినే శాస్త్రముగా విచారించినాడు. నాజీల నిర్బంధశిబిరములలో ఆయన తల్లిని, తండ్రిని, సోదరుని, భార్యను కోల్పోయినాడు. 1945లో విడుదలపొంది, మరుసటి యేట తన అనుభవములను గ్రంథముగా ప్రకటించినాడు. తనకొరకు ఎదురుచూచు ఒక మనిషియో, ఒక పనియో ఉన్నదని తలచినవానికి బ్రతుకుటకు ఒక ఆధారము దొరకునని ఆయన బోధ. వియన్నా పండితుడును, పొదుపు పుస్తకము పట్టుకొన్న పల్లెపడుచును వేరువేరు త్రోవలలో ఒకే చోటు చేరినారు.

అయితే ఒక హెచ్చరిక అవసరము. ఈ మాటలను దుఃఖములో ఉన్నవారికి నీతిబోధగా చెప్పరాదు. ఆపద తరువాత కొన్ని వారములు నిద్ర పట్టకపోవుట, గాలి చప్పుడుకు ఉలికిపడుట, పిల్లలు తల్లి కొంగు వదలకపోవుట సహజము. అది పిరికితనము కాదు. ఏడ్చువానిని ఏడువనిచ్చి, అతడు చెప్పినప్పుడు వినుట, చెప్పనప్పుడు ప్రక్కన కూర్చుండుట, అన్నము, ఆచ్ఛాదన, తనవారి జాడ తెలియునట్లు చూచుట మొదటి చికిత్స. నెలలు గడచినను మనసు కుదుటపడక, పని పట్టక, బ్రతుకుమీద విరక్తి మాటలు వినవచ్చినచో వైద్యుని సహాయము పొందవలెను. కాలు విరిగినవాడు వైద్యునివద్దకు పోవుట సిగ్గు కానట్లే ఇదియు సిగ్గు కాదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను ఏర్పాటు క్రింద 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసి, తెలుగులోనే సలహా పొందవచ్చును.

ఇంతవరకు చూచిన ఉదాహరణములలో మూడు సంగతులు సామాన్యముగా కనిపించుచున్నవి. మొదటిది, ఆరంభము మిక్కిలి చిన్నది: చిరిగిన వలలో మిగిలిన భాగమును ముడివేయుట, ఒక అక్షరము దిద్దుట, ఒక రూపాయి దాచుట. గొప్ప సంకల్పము తరువాత వచ్చినదే గాని ముందు వచ్చినది కాదు. రెండవది, ఎవరును ఒంటరిగా లేవలేదు. శ్రీరాములుగారికి ఆశ్రమము, దూబగుంట స్త్రీలకు రాత్రిబడి, పల్లెకారులకు కుప్పము తోడు నిలిచినవి. మూడవది, చేసిన పని తమకొరకే గాక ఇతరులకును పనికివచ్చినది.

కనుక రేడియో గల గృహస్థులకు ఈ విషయమున ఒక బాధ్యత కలదు. తుఫాను హెచ్చరిక విన్నప్పుడు దానిని తమ గోడలమధ్యనే ఉంచుకొనక, వినుటకు వీలులేని ఇరుగుపొరుగులకు అందజేయవలెను. వెలిసిన తరువాత పాతబట్టలు పంపి తృప్తిపడక, కూలిన కుటుంబమునకు పని దొరకినదా, పనిముట్టు దొరకినదా, సరసమైన వడ్డీకి అప్పు దొరకినదా అని ఆరునెలల తరువాత ఒకమారు విచారించవలెను. సహాయపు బండ్లు తిరిగిపోయి, పత్రికలు వేరు వార్తలు వ్రాయునాటికి, ఆ విచారణకు విలువ ఎక్కువ. “ధైర్యముగా ఉండుము” అని చెప్పుటకంటె, “రేపు తెల్లవారి నాతో పనికి రమ్ము” అని పిలుచుట మేలు.