పెరగని పచ్చిక

పిల్లలూ! ముందుగా ఒక పొడుపుకథ. విత్తు లేకుండా వచ్చింది. నీరు పోయకున్నా పచ్చగానే వుంది. ఆకలిగొన్న మేక కూడా ముట్టదు. ఏమిటది?

విప్పలేకపోయారా? ప్లాస్టిక్ పచ్చిక! మన శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఇప్పుడు కొందరు మేడల మీదా, ఇంటి ముంగిళ్ళలోనూ దీన్ని తివాచీలాగ పరుస్తున్నారు.

శ్రీకాకుళంలో మా అబ్బాయి ఇంటి డాబా మీద కూడా వుంది. క్రిందటి దీపావళినాడు మా మనవడు సరిగ్గా దానిమీదనే చిచ్చుబుడ్డి వెలిగించాడు. నిప్పురవ్వలు పడినచోట పచ్చిక కరిగి, అరచేయంత నల్లని మచ్చ మిగిలింది. మర్నాడు వాడు చెంబుతో నీళ్ళు తెచ్చి, "తాతా! రోజూ నీళ్ళు పోస్తే మళ్ళీ మొలుస్తుందా?" అని అడిగాడు.

నవ్వకండి! అది మంచి ప్రశ్న. మన పెరట్లో గరికను చూడండి. ఆవు మేసినా, మనం తొక్కినా, నాలుగు చినుకులు పడితే మళ్ళీ చిగురిస్తుంది. దాని తీగ నేలమీద పాకుతూ కణుపు కణుపుకూ వేళ్ళు దింపుతుంది. అంటే తన గాయాన్ని తానే మాన్పుకుంటుందన్నమాట. ప్లాస్టిక్ పచ్చికకు ప్రాణం లేదు. దాని గాయాన్ని మనమే మాన్పాలి.

అసలీ పచ్చిక ఎలా వచ్చిందో తెలుసా? అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో 1965లో ఆస్ట్రోడోమ్ అనే ఆటస్థలం తెరిచారు. దానికి ఆకాశమంత పైకప్పు! ఆ కప్పులోని పలకలగుండా వచ్చే వెలుగు ఆటగాళ్ళ కళ్ళకు మిరుమిట్లు గొలిపింది. పలకలకు రంగు పూశారు. దానితో ఎండ తగలక లోపలి గడ్డి చచ్చిపోయింది. అప్పుడు, 1966లో, నైలాన్ పచ్చిక తెచ్చి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అనే పేరు అలా వచ్చింది. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని కూడా ఇలాంటి నేలమీదనే ఆడించారు. గడ్డినేలకు అలవాటుపడిన మన జట్టుకు ఆ యేడు పతకం రాలేదు.

ఇక మా మచ్చ సంగతికి వద్దాం. చిరిగిన బొంతకు అమ్మమ్మ మాసిక వేయడం మీరు చూసేవుంటారు. ఇదీ అంతే. ముందు పచ్చికను వెనక్కు తిప్పి, కాలినమేరకు చదరంగా కోయాలి. (చాకు పట్టడం పెద్దల పని సుమా!) పరిచినప్పుడు మిగిలిన ముక్కలోంచి సరిగ్గా అంతే కొలతకు మరో ముక్క కోయాలి. ఇక్కడ ఒక కిటుకు వుంది. పోచలన్నీ ఒకే వైపుకు వాలి వుంటాయి. మాసిక పోచలు కూడా అటే వాలాలి. లేకపోతే అతుకు దూరానికే కనిపిస్తుంది. కన్నం క్రింద, అన్నివైపులా నాలుగు వేళ్ళు ఎక్కువ వుండేటట్లు అతుకుపట్టీ పరిచి, జిగురు రాసి, మాసిక పెట్టాలి. పోచలకు జిగురు అంటనీయకూడదు. పైన ఇసుకమూటలు పెట్టి ఒక పగలూ ఒక రాత్రీ కదల్చకూడదు. మేమూ అలాగే చేశాం.

మాసిక వేయడం కన్న, చిరగకుండా చూసుకోవడం మేలు. వారానికొకసారి గట్టి కుంచెతో, పోచలు వాలిన వైపుకు ఎదురుగా దువ్వితే అవి లేచి నిలబడతాయి. మరకపడితే సబ్బునీళ్ళు చాలు. వానలు రాకముందే అడుగునున్న కన్నాల్లో దుమ్ము తీసెయ్యాలి. లేకపోతే నీరు నిలిచి పాచి పడుతుంది. అంచులు గట్టిగా అంటించి వుంచాలి. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరిచెట్లనే కూల్చివేసింది. ఇక ఊడిన అంచు గల తివాచీ ఒక లెక్కా?

ఇంత శ్రద్ధ దేనికంటారా? అరిగిన పోచలు విరిగి సన్నని పొడి అవుతాయి. వానకు అది మురుగుకాలువలో పడుతుంది. శ్రీకాకుళం కాలువ నీళ్ళు నాగావళిని చేరితే, నాగావళి సముద్రాన్ని చేరుతుంది. ప్రతి యేడూ చలికాలం చివర గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వచ్చేది ఆ సముద్రతీరానికే. ప్లాస్టిక్ అక్కడ కుళ్ళి మట్టిలో కలిసిపోదు. కాబట్టి ఊడ్చిన పోచలను కాలువలో వేయకుండా చెత్తబుట్టలో వేయండి. తగలబెట్టవద్దు, ఆ పొగ మంచిది కాదు.

చివరగా మీరొక ప్రయోగం చేయండి. వేసవిలో మిట్టమధ్యాహ్నం, పెద్దవాళ్ళను దగ్గర పెట్టుకుని, వేలివెనుక భాగంతో గరికనూ ప్లాస్టిక్ పచ్చికనూ క్షణంసేపు తాకండి. గరిక చల్లగా వుంటుంది. అది ఆకులనుంచి నీటిని ఆవిరిగా వదులుతుంది. ఆ ఆవిరితో వేడి పోతుంది. ప్లాస్టిక్ పచ్చిక మండు టెండలో అరవై డిగ్రీలు కూడా దాటగలదు! అందుచేత మధ్యాహ్నంవేళ చెప్పులు లేకుండా దానిమీద ఆడుకోవద్దు.

మా మాసిక అతుకు ఇప్పటికీ కాస్త కనబడుతూనే వుంది. మనవడు దాని ప్రక్కన ఒక కుండీలో గరిక నాటాడు. రోజూ చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. ఈసారి నీళ్ళు వృధా పోవడం లేదు!