మాట చేరింది, బొమ్మ చేరలేదు

స్మార్ట్‌ఫోన్‌లో మాటల సందేశం క్షణంలో చేరి, దాని వెంట రావలసిన ఫొటో మాత్రం మసకగా ఆగిపోయి, దాని మీద చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోవడం ఇవాళ ప్రతి ఇంటికీ పరిచయమైన ఇబ్బంది. హైదరాబాద్ తూర్పు కొసన ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఈ ఇబ్బందికి దారితీసే కారణాలు దాదాపు అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. వేలమంది ఒక్కసారిగా గుమిగూడే క్రికెట్ స్టేడియం, స్తంభాల మీద పరుగెత్తే మెట్రో రైలు, రేకుల షెడ్లతో నిండిన పారిశ్రామికవాడ, పొరుగు రాష్ట్రాల సిమ్‌కార్డులతో పనికి వచ్చిన కార్మికులు, మందుల చీటీనీ పరీక్షల రిపోర్టునూ ఫొటో తీసి బంధువులకు పంపుకునే ఆసుపత్రి రోగులు అక్కడ పక్కపక్కనే ఉన్నారు. ఫొటో తెరుచుకోనప్పుడు చాలామంది ‘నెట్ బాగాలేదు’ అని సరిపెట్టుకుంటారు గాని, నెట్ అన్నది ఆ ప్రయాణంలో ఒక మజిలీ మాత్రమే. ఫొటో ఏ మజిలీలో ఆగిందో గుర్తిస్తే మరమ్మతు చాలావరకు నిమిషాల పని.

ఉత్తరం వేరు, పార్సిల్ వేరు

మాటలూ బొమ్మలూ తెర మీద ఒకే వరుసలో కనిపించినా అవి ప్రయాణించే పద్ధతి ఒకటి కాదు. పోస్ట్‌మన్ ఉత్తరాన్ని గుమ్మంలోకి తెచ్చి ఇస్తాడు గాని, పెద్ద పార్సిల్ వచ్చినప్పుడు ఒక్కోసారి చీటీ మాత్రమే ఇచ్చి వెళతాడు; ఆ చీటీ పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లి తెచ్చుకోవలసిన బాధ్యత చిరునామాదారుడిదే. ఫొటో సందేశం సరిగ్గా ఈ రెండో పద్ధతిలో నడుస్తుంది.

దేశంలో అత్యధికులు వాడే వాట్సాప్‌నే తీసుకుంటే, పంపేవారి ఫోన్ ముందుగా ఫొటో పరిమాణాన్ని తగ్గించి, ఆ ఒక్క ఫొటో కోసమే తయారుచేసిన తాళంచెవితో దానికి తాళం వేసి, సంస్థ నడిపే పెద్ద కంప్యూటర్‌కు, అంటే సర్వర్‌కు, చేరవేస్తుంది. ఆ పని పూర్తయ్యాకనే తాళంచెవీ, పార్సిల్ ఉన్న చోటు గుర్తూ, ఫొటో తాలూకు మసక నమూనా కలిపిన ఒక చిన్న సందేశం అవతలి ఫోన్‌కు బయలుదేరుతుంది. పంపినవారి ఫోన్‌లో పడిన తాళం అందుకున్నవారి ఫోన్‌లోనే తెరుచుకునే ఈ ఏర్పాటును 2016 ఏప్రిల్ నాటికి ఆ సంస్థ అన్ని రకాల సందేశాలకూ వర్తింపజేసింది. అందువల్ల మధ్యలో ఉన్న సర్వర్‌కు పార్సిల్ మోయడమే తప్ప లోపల ఏముందో తెలియదు.

ఈ క్రమం తెలిస్తే సమస్యను సగం విప్పినట్టే. మసక బొమ్మ కనిపించిందంటే చీటీ అందిందని, చీటీ అందిందంటే పంపినవారి వైపు పని ముగిసిందని అర్థం. కాబట్టి లోపాన్ని సర్వర్‌కూ అందుకున్న ఫోన్‌కూ మధ్యనే వెతకాలి. అసలు మసక బొమ్మే రాకపోతే పంపినవారి తెరను చూడమనాలి. అక్కడ గడియారం గుర్తు ఉంటే సందేశం వారి ఫోన్ దాటలేదు, ఒక టిక్కు ఉంటే సర్వర్ దాకా వచ్చింది, రెండు టిక్కులు ఉంటే అవతలి ఫోన్‌కు చేరింది. అయితే ఆ రెండు టిక్కులు చీటీ అందిందని మాత్రమే చెబుతాయి, పార్సిల్ విప్పారని చెప్పవు. ‘రెండు టిక్కులు పడ్డాయి కదా’ అని పంపినవారూ, ‘ఇంకా తిరుగుతూనే ఉంది’ అని అందుకున్నవారూ వాదించుకునే సందర్భాల్లో ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

పాత దారి: ఎంఎంఎస్

ఈ చీటీ పద్ధతి వాట్సాప్ కనిపెట్టినది కాదు. 2002లో ఐరోపాలో వాణిజ్యపరంగా మొదలైన ఎంఎంఎస్, అంటే బొమ్మలనూ శబ్దాన్నీ మోసే బహుమాధ్యమ సందేశం, మొదటినుంచీ ఇలాగే పనిచేసింది. బొమ్మ టెలికాం కంపెనీ కేంద్రంలో ఆగుతుంది. ‘ఫలానా చోట ఉంది, తీసుకో’ అన్న కబురు మామూలు ఎస్సెమ్మెస్ రూపంలో వినియోగదారుడికి కనిపించకుండా వచ్చి, ఫోన్‌ను మొబైల్ డేటా ద్వారా ఆ కేంద్రానికి పంపుతుంది. ఆ కేంద్రం సాధారణంగా కంపెనీ సొంత నెట్‌వర్క్ లోపల ఉంటుంది గనుక, ఇంట్లో వైఫై ఎంత వేగంగా ఉన్నా మొబైల్ డేటా ఆపివేసిన ఫోన్‌లో చాలాసార్లు ఎంఎంఎస్ తెరుచుకోదు.

నెట్‌వర్క్‌లోకి అడుగుపెట్టే ద్వారం పేరును ఏపీఎన్ అంటారు. జియోకు ‘జియోనెట్’, బీఎస్ఎన్ఎల్‌కు ‘బీఎస్ఎన్ఎల్ నెట్’ అన్న పేర్లు ఒకే పదంగా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. సిమ్ మార్చినప్పుడో, ఎవరో సెట్టింగ్స్ కదిపినప్పుడో ఈ పేరు చెదిరితే డేటా గుర్తు కనిపిస్తున్నా ఫోన్ ద్వారం దాటలేదు. మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ పేర్ల పేజీ తెరిచి, ‘రీసెట్’ నొక్కితే కంపెనీ ఇచ్చిన అసలు వివరాలు తిరిగి వస్తాయి.

ఫోన్ తనంతట తానే బొమ్మలను దించుకునే సౌకర్యం కొన్ని ఫోన్లలో ఆపివేసి ఉండడానికి ఒక చరిత్ర ఉంది. 2015 జులైలో ‘స్టేజ్‌ఫ్రైట్’ అన్న లోపం ఆండ్రాయిడ్‌లో బయటపడింది. దుష్ట సంకేతం దాచిన ఒక్క ఎంఎంఎస్‌తో, యజమాని దాన్ని తెరవకముందే, ఫోన్‌ను వశం చేసుకునే వీలుందని తేలడంతో ఆటో డౌన్‌లోడ్‌ను ఆపివేయమని నిపుణులు అప్పట్లో సూచించారు. చేత్తో నొక్కితేనే ఫొటో దిగే ఫోన్‌ను అందుకే చెడిపోయినదిగా భావించనక్కరలేదు.

గాలిలో జరిగే ఆలస్యం

ఒక టవర్ పరిధిని ‘సెల్’ అంటారు. సెల్‌ఫోన్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. ఆ పరిధిలో ఉన్నవారంతా ఒకే తరంగ సామర్థ్యాన్ని పంచుకోవాలి. ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ జరిగే రాత్రి వికెట్ పడగానే వేలాది చేతులు ఒకేసారి ఫోన్లు ఎత్తి ఫొటోలు పంపబోతాయి. టవర్‌తో పోలిస్తే ఫోన్ ప్రసార శక్తి చాలా తక్కువ కాబట్టి కిందికి దిగే దారికన్నా పైకి ఎక్కే దారి సహజంగానే ఇరుకు. ఆ ఇరుకులో కొన్ని వందల బైట్ల మాట ఏ సందులోనో దూరిపోతుంది గాని, లక్షల బైట్ల ఫొటో ఇరుక్కుపోతుంది. అలాంటప్పుడు పదేపదే ‘మళ్లీ పంపు’ నొక్కడం వల్ల రద్దీ పెరుగుతుందే తప్ప తగ్గదు. ఫోన్‌ను అలా వదిలేస్తే స్టేడియం దాటి కొంత దూరం వెళ్లేసరికి ఫొటో తనంతట తానే వెళ్లిపోతుంది.

2017 నవంబరులో ప్రారంభమైన నాగోల్ మెట్రో మార్గంలో ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్ఐ, హబ్సిగూడ స్టేషన్ల మీదుగా సాగే ప్రయాణికుడి ఫోన్ నిమిషాల వ్యవధిలో ఒక టవర్ చేతి నుంచి మరో టవర్ చేతికి మారుతూ ఉంటుంది. మాటల సందేశం రెండు మార్పుల మధ్య ముగుస్తుంది. పెద్ద ఫొటో సగంలో తెగి, మళ్లీ ప్రయత్నించవలసి వస్తుంది. నాచారం పారిశ్రామికవాడలో కారణం వేరు. లోహం రేడియో తరంగాలను వెనక్కి కొడుతుంది గనుక, రేకుల షెడ్డు లోపల రెండు గీతల సిగ్నల్ ఉన్న ఫోన్ నాలుగడుగులు బయటికి వస్తే బాగా పనిచేస్తుంది. 5జీకి దేశంలో ఎక్కువగా వాడుతున్న 3,300 మెగాహెర్ట్జ్‌కు పైబడిన తరంగాలు గోడలను దాటడంలో 4జీ తరంగాలకన్నా బలహీనం కాబట్టి, లోపలి గదుల్లో నెట్‌వర్క్ ఎంపికను 4జీకి మార్చి చూడడం కూడా ఉపయోగకరం.

పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చినవారి విషయంలో రోమింగ్‌ను, అంటే సొంత సర్కిల్ దాటి వేరే చోట నెట్‌వర్క్ వాడుకోవడాన్ని, ప్రత్యేకంగా గమనించాలి. టెలికాం లైసెన్సుల లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్కిల్ గనుక విజయవాడ సిమ్‌కు ఉప్పల్‌లో రోమింగ్ ఉండదు; ఒడిశా సిమ్‌కో, బిహార్ సిమ్‌కో ఉండవచ్చు. వాట్సాప్ తొలి అమరికలో మొబైల్ డేటా మీద ఫొటోలు వాటంతటవే దిగుతాయి, రోమింగ్‌లో మాత్రం ఏవీ దిగవు. అందువల్ల ‘ఊళ్లో బాగానే వచ్చేవి, ఇక్కడికి వచ్చాకే రావడం లేదు’ అనుకునే కార్మికుడు ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్‌నూ, వాట్సాప్‌లోని ‘స్టోరేజ్ అండ్ డేటా’ పేజీలో రోమింగ్ వరుసనూ ఒకసారి చూసుకోవాలి.

డేటా అయిపోయిన తర్వాత

రోజువారీ డేటా పరిమితి ముగిశాక అనేక ప్లాన్లలో నెట్ పూర్తిగా ఆగదు, వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 64 వేల బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 8 కిలోబైట్లు. ఆ వేగంలో చిన్న మాట రెప్పపాటులో చేరుతుంది, 160 కిలోబైట్లకు కుదించిన ఫొటోకు 20 సెకన్లు పడుతుంది, కెమెరా తీసిన 4 ఎంబీల ఫొటోను కుదించకుండా డాక్యుమెంట్‌గా పంపితే ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉండి, మాటలు వస్తూ, బొమ్మలు మాత్రం రాని సాయంత్రాల్లో ముందుగా అనుమానించవలసింది ఈ పరిమితినే.

ఫోన్ లోపలి కారణాలు

పార్సిల్ తెచ్చుకున్నా ఇంట్లో పెట్టడానికి చోటు లేకపోతే ప్రయోజనం లేదు. భారతీయులు రోజూ పంపుకునే ‘గుడ్ మార్నింగ్’ బొమ్మలు ఫోన్లను నింపేస్తున్నాయని 2018 జనవరిలో వాల్‌స్ట్రీట్ జర్నల్ ప్రచురించిన కథనం అప్పట్లో విస్తృతంగా చర్చకు వచ్చింది. పూలు, దేవుళ్లు, సూర్యోదయాలు నిండిన ఫోన్‌లో అసలు అవసరమైన రిపోర్టు ఫొటో దిగకపోవడం ఆ అలవాటుకు చెల్లించే మూల్యం. వాట్సాప్‌లో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరిస్తే 5 ఎంబీకి మించిన ఫైళ్లూ, చాలాసార్లు చేతులు మారి వచ్చిన ఫైళ్లూ విడివిడిగా కనిపిస్తాయి. వాటిని తొలగించి కనీసం ఒక జీబీ ఖాళీ ఉంచుకోవడం మంచిది.

రెండో కారణం చాలామంది ఊహించనిది: తేదీ. ఫోన్, సర్వర్ మాట్లాడుకునే ముందు సర్వర్ తన గుర్తింపు పత్రాన్ని చూపుతుంది. ఆ పత్రానికి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. బ్యాటరీ పూర్తిగా అయిపోయాకో, మరమ్మతు తర్వాతో ఫోన్ గడియారం ఏళ్ల వెనక్కి వెళితే ఆ పత్రం ఇంకా చెల్లుబాటులోకి రానట్టు కనిపించి ఫోన్ దాన్ని తిరస్కరిస్తుంది. తేదీ, సమయం ‘ఆటోమేటిక్’ అన్న మీటను వేస్తే ఈ చిక్కు తీరుతుంది.

ఇక డేటా సేవర్, బ్యాటరీ పొదుపు, వీపీఎన్ వంటివి నేపథ్యంలో జరిగే పనులను అడ్డుకోవచ్చు. ఫొటోలూ ఫైళ్లూ చూసేందుకు యాప్‌కు ఇచ్చిన అనుమతి రద్దయి ఉండవచ్చు. యాప్ మరీ పాతబడి ఉండవచ్చు. ఇవన్నీ ఒక్కొక్క మీటతో సరయ్యేవే.

లోపం ఎవరి చేతిలోనూ లేనప్పుడు

కొన్ని రోజుల్లో ఫోన్ తప్పు ఏమీ ఉండదు. 2019 జులై 3న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడింటిలోనూ ప్రపంచవ్యాప్తంగా మాటలు నడిచి బొమ్మలు ఆగిపోయాయి. రోజువారీ నిర్వహణ పనుల్లో దొర్లిన లోపమే కారణమని సంస్థ ప్రకటించింది. ఆ గంటల్లో ఫేస్‌బుక్‌లో ఫొటో ఉండవలసిన చోట, అందులో మనుషులు ఉండవచ్చు, ఆకాశం ఉండవచ్చు అంటూ యంత్రం రాసుకున్న వివరణ మాత్రం కనిపించి, బొమ్మల గోదాము, మాటల గోదాము వేర్వేరని జనానికి తేటతెల్లం చేసింది. తెలిసినవారందరికీ ఒకే ఇబ్బంది ఉందని తేలితే సెట్టింగ్స్ కదపకుండా వేచి ఉండడమే సరైన మరమ్మతు.

వరుస, జాగ్రత్తలు

తేలికైన దానితో మొదలుపెట్టి కష్టమైన దానికి వెళ్లాలి. రానిది ఒక్క ఫొటోనా, అన్నీనా అని ముందు చూడాలి. ఒక్కటే అయితే పంపినవారిని మళ్లీ పంపమనడం చాలు. అన్నీ అయితే విమానం గుర్తును అర నిమిషం వేసి తీయడం, వైఫై నుంచి మొబైల్ డేటాకో అటు నుంచి ఇటుకో మారడం, డేటా పరిమితిని, తేదీని, ఖాళీ చోటును, అనుమతులను వరుసగా చూడడం, ఫోన్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయడం, యాప్‌ను నవీకరించడం, చివరగా ఏపీఎన్‌ను సరిచేయడం క్రమం. యాప్ సమాచార పేజీలో ‘క్లియర్ క్యాష్’ నొక్కితే తాత్కాలిక ఫైళ్లే పోతాయి; దాని పక్కనే ఉండే ‘క్లియర్ డేటా’ నొక్కితే, బ్యాకప్ లేనిపక్షంలో, ఏళ్ల సంభాషణలు చెరిగిపోతాయి. ఫొటో తెరుచుకోవడానికి ఫలానా యాప్ వేసుకోమంటూ, పెళ్లి పత్రికనో చలానానో పేరు పెట్టి వచ్చే ఏపీకే ఫైళ్లను ఎట్టి పరిస్థితిలోనూ తెరవకూడదు. ఫొటో చూడడానికి కొత్త యాప్ అవసరం ఎప్పుడూ రాదు. మోసంలో డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

పార్సిల్ గోదాములో శాశ్వతంగా ఉండదు. చేరని సందేశాలను వాట్సాప్ తన సర్వర్లలో 30 రోజులకు మించి ఉంచదు, పాతబడిన ఫొటోను ఆలస్యంగా నొక్కితే మళ్లీ పంపమని అడగవలసిన పరిస్థితి వస్తుంది. కాబట్టి వైద్యుడి చీటీ, పిల్లల సర్టిఫికెట్, ఇంటి పత్రం వంటివి మసకగా కనిపించిన రోజునే దించుకుని, వేరే చోట ఒక ప్రతి భద్రపరచుకోవాలి.