ఆ పాట పాడినది కృష్ణవేణి గారు

కొంతకాలము క్రిందట మా కేంద్రము పాత చిత్రగీతముల కార్యక్రమములో 'కీలుగుఱ్ఱం' నుండి ఒక పాటను ప్రసారము చేసినది. పాటకు ముందు చేసిన ప్రకటనలో "అంజలీదేవి పాడిన పాట" అని చెప్పినాము. వారము తిరుగకుండ కొవ్వూరు నుండి ఒక కార్డు వచ్చినది. వ్రాసినవారు మమ్ము నిందింపలేదు. తెరమీద అభినయించినది అంజలీదేవి గారే గాని, ఆ కంఠము మా పంగిడి ఆడపడుచు కృష్ణవేణి గారిదనియు, రేడియోవారికే ఈ సంగతి తెలియకున్న మరెవరికి తెలియవలెననియు మాత్రము వ్రాసినారు.

రికార్డుల జాబితా తీసి చూచినాము. శ్రోత మాటయే నిజము. మరుసటి వారము తప్పు దిద్దుకొన్నాము. కాని రెండు వాక్యముల సవరణతో తీరు ఋణము కాదని తోచి, ఈ ప్రసంగమును సిద్ధపరచినాము.

పంగిడి కొవ్వూరు ప్రక్కనున్న గ్రామము. రాజమహేంద్రవరము వైపు కాతేరులోను, ఈవలి గట్టున పంగిడి పరిసరములలోను నల్లరాతి గనులు కలవు; ఆరున్నర కోట్ల ఏండ్ల నాటి లావా గట్టిపడి ఆ రాయి అయినదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. రాతికి పేరుపడిన ఆ ఊరిలో 1924 డిసెంబరు 24న కృష్ణవేణి జన్మించినది. తండ్రి కృష్ణారావు గారు వైద్యులు. ఆమె పుట్టిననాడు ఆ ప్రాంతము కృష్ణా జిల్లాలో నుండెను. మరుసటి ఏడే పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినది. 2022లో అదే కొవ్వూరు తూర్పు గోదావరిలో చేరినది. ఊరు కదలకుండనే జిల్లాలు మూడు మారినవి. వాని నన్నిటిని చూచునంత దీర్ఘాయుష్మంతురాలామె.

ఆమె మొదట నాటకముల పిల్ల. ఆ దినములలో నాటకమనగా పద్యము. మైకు లేని పందిళ్లలో చివరి వరుసవానికి సైతము వినిపించునట్లు రాగము సాగదీసి పాడగలవారికే వేషము దొరకెడిది. గోదావరి మండలములలో కంఠము గల పిల్లలు నాటక సమాజముల వారి కంటబడుట అరుదు కాదు. తెలుగు మాటలాడు మొదటి చిత్రము 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చినది. ఆ వెనుక నాలుగేండ్లకు, కాకినాడవారగు చిత్తజల్లు పుల్లయ్య గారు 'సతీ అనసూయ', 'ధ్రువ విజయము' అను రెండు కథలను పిల్లలచేత నటింపజేసి, ఒక్క ప్రదర్శనగా కలిపి చూపినారు. 1936 నాటి ఆ 'సతీ అనసూయ'తోనే కృష్ణవేణి చిత్రరంగమున కాలు పెట్టినది. అప్పటికి ఆమెకు పండ్రెండేండ్లు నిండలేదు.

అప్పటి చిత్రములలో పాట ఎట్లు తయారయ్యెడిదో నేటి శ్రోతలలో చాలమందికి తెలియదు. తెలిసిననే గాని మా తప్పు ఎంతటిదో బోధపడదు. నేడు పాటను ముందుగా వేరొక గదిలో వేరొక గాయని పాడును. తరువాత చిత్రీకరణ చోట ఆ పాటను వినిపించుచుండగా నటి పెదవులు కదల్చును. నాడట్లు కాదు. నటియే పాడవలెను, ఆడుచునే పాడవలెను, కెమెరా తిరుగుచుండగనే పాడవలెను. తబలా, హార్మోనియము, ఫిడేలు పట్టుకొన్నవారు చెట్టుచాటుననో, గుడ్డతెర వెనుకనో కనబడకుండ కూర్చుండి వాయించువారు. మైకు నటి తలపై ఒక కొయ్యకు వ్రేలాడుచుండెడిది. ఆమె దానికి దూరము జరిగిన స్వరము క్షీణించును. మైకు దగ్గర జరిపిన దాని నీడ తెరపై పడును. ఎవరైన దగ్గినను, చెట్టుమీద కాకి అరచినను, చివరి చరణములో శ్రుతి తప్పినను మరల మొదటి నుండి ప్రారంభము. ఫిలిము ఖరీదైన వస్తువు గనుక నిర్మాత ముఖము కూడ చూచుకొనవలెను.

మా పూర్వులు రేడియోలో పాటకచ్చేరీలను, నాటకములను రికార్డింగు లేకుండ తిన్నగా ప్రసారము చేసిన కాలమును గూర్చి మేము పెద్దల నోట విన్నాము. తప్పు దొరలిన అది గాలిలో పోయిన తప్పే. వెనుకకు తీయ వీలులేదు. ఆ భయము మాకు కొంత తెలియును గనుక, పదునాలుగేండ్ల పిల్ల నిండు అలంకారములో, దీపముల వేడిలో, ఒక్క ఊపున పాట పాడి ముగించుట యెట్టి పనియో ఊహింపగలము.

1938లో 'కచదేవయాని'తో ఆమె నాయిక అయినది. అవకాశములు వరుసగా రాగా 1939లో మద్రాసు చేరినది. అంతకుముందు తెలుగు చిత్రముల కొరకు మనవారు కలకత్తాకు, బొంబాయికి పోవలసి యుండెను. ఆ సంవత్సరముల నుండియే పరిశ్రమ మద్రాసులో కుదుటబడజొచ్చినది. నూజివీడు ప్రాంతపు మీర్జాపురము రాజావారితో ఆమెకు వివాహమైనది. మద్రాసులో వారిదే శోభనాచల స్టూడియో; ఆగిరిపల్లి కొండపై వెలసిన దేవుని పేరది. 'జీవనజ్యోతి', 'దక్షయజ్ఞం', 'భీష్మ' మొదలైన చిత్రములు ఈ కాలమునకు చెందినవే. వానిని గూర్చి విస్తరింపబోము. ఆ దశాబ్దపు తెలుగు చిత్రములు అనేకము నేడు చూడ దొరకవు. దొరికిన పాటలలో కొన్ని గ్రామఫోను పలకల మీద సన్నని గీతల చప్పుడుతో మిగిలియున్నవి.

1947లో పుల్లయ్య గారి దర్శకత్వముననే 'గొల్లభామ' వచ్చినది. ఈలపాట రఘురామయ్య గారు నాయకుడు, కృష్ణవేణి నాయిక. అందులో మోహిని పాత్రకు క్రొత్త నటిని తీసికొన్నారు. ఆమెయే పెద్దాపురము నుండి వచ్చిన అంజలీదేవి. గోదావరికి ఈవలి గట్టు పిల్ల నాయికగా నున్న చిత్రములో ఆవలి గట్టు పిల్లకు తొలి ప్రఖ్యాతి కలిగినది. రెండేండ్లు తిరుగునప్పటికి, 1949లో, రాజావారు స్వయముగా దర్శకత్వము వహించిన 'కీలుగుఱ్ఱం'లో అక్కినేని నాగేశ్వరరావు గారి సరసన అంజలీదేవికి ప్రధాన పాత్ర లభించినది. ఆ పాత్రకు పాటలు పాడినది కృష్ణవేణి గారు.

ఇక్కడ కొంచెము ఆగవలెను. స్టూడియో యజమాని భార్య, తానే పేరుపొందిన నాయిక, తన కంఠమును మరియొక నటి ముఖమునకు ఇచ్చినది. దీనిని త్యాగమని పొగడుట మాకిష్టము లేదు. అప్పటికి నేపథ్యగానము క్రొత్త పద్ధతి. అందముగా నుండి నటింపగల వారందరు పాడలేరు. ఇంటనే మంచి గాయని యుండగా బయట వెదుకనేల అను వ్యవహారజ్ఞానము కూడ అందులో నుండవచ్చును. అయినను, పదునాలుగేండ్ల వయసున తన ముఖము మీదనే తన పాటను నిలిపిన మనిషి, ఆ రెంటిని విడదీయుటకు జంకలేదు. పాట నిలిచిన చాలు, ఎవరి పెదవులపై నిలిచిన నేమి అనుకొన్నట్లున్నది. మేము ప్రకటనలో చేసిన పొరపాటు ఆ ఔదార్యమునకు బదులుగా ఇచ్చిన బహుమానమైనది!

ఆ చిత్రమునకు సంగీత దర్శకులు ఘంటసాల వేంకటేశ్వరరావు గారు. విజయనగరములో సంగీతము నేర్చి మద్రాసు చేరి, అక్కడి రేడియో కేంద్రములో పాడుచున్న యువకుడాయన. అదే 1949లో కృష్ణవేణి గారు నిర్మించిన 'మనదేశం'కును ఆయనే సంగీతము కూర్చినారు. కుమార్తె పేరిట నెలకొల్పిన ఎం.ఆర్.ఏ. సంస్థ నుండి, శరత్‌చంద్రుని 'విప్రదాస్' నవల ఆధారముగా, స్వాతంత్ర్యోద్యమము నేపథ్యముగా వచ్చిన చిత్రమది. దర్శకులు ఏలూరు సమీపమున సోమవరప్పాడువారగు ఎల్.వి. ప్రసాద్ గారు, రచన సముద్రాల రాఘవాచార్యులవారిది. నాగయ్య గారు, నారాయణరావు గారు, కృష్ణవేణి గారు ముఖ్యపాత్రధారులు.

పోలీసు అధికారి వేషమొకటి మిగిలినది. సబ్ రిజిస్ట్రారు కొలువు కొద్దికాలము చేసి వదలి వచ్చిన నందమూరి తారకరామారావు అను పట్టభద్రుని కది దక్కినది. లాఠీచార్జీ దృశ్యములో ఆయన ఉత్సాహము పట్టలేక నిజముగనే కొట్టినారని చెప్పుకొందురు. 1949 నవంబరు 24న ఆ చిత్రము విడుదలైనది. తరువాత కథ తెలియని తెలుగు ఇల్లు లేదు.

కృష్ణవేణి గారిని తలచినప్పుడెల్ల పత్రికలు ఈ ఒక్క సంగతినే వ్రాయుచుండును: రామారావు గారికి మొదటి వేషమిచ్చిన నిర్మాత అని. నిజమే, చిన్న విషయము కాదు. కాని ఒక గాయనిని, నటిని, నిర్మాతను ఇతరులకు తెరచిన తలుపుగా మాత్రమే గుర్తుంచుకొనుట మాకు న్యాయముగా తోచదు. 'మనదేశం' చూచువారు పోలీసు దుస్తులలోని యువకునికై కండ్లు కాయలు కాచునట్లు వెదకుదురు. నాయిక పాడుచున్నప్పుడు ఆ కంఠము ఆమెదే యని ఎందరు గమనింతురు?

మరుసటి ఏడు వింత పోటీ జరిగినది. ఒకే కథను ఆధారము చేసికొని 1950లో రెండు చిత్రములు వచ్చినవి. ఒకటి ఘంటసాల బలరామయ్య గారి 'శ్రీ లక్ష్మమ్మ కథ', అందులో నాయిక అంజలీదేవి. రెండవది త్రిపురనేని గోపీచంద్ గారు దర్శకత్వము వహించిన 'లక్ష్మమ్మ', అందులో నాయిక కృష్ణవేణి. నిన్న కంఠమిచ్చినామె, ఆ కంఠమును గ్రహించినామె నేడు ఒకే పాత్రలో ఎదురుబొదురుగా నిలిచినారు! చిత్రరంగపు లీల అట్టిది. కొంతకాలమునకు కృష్ణవేణి గారు నటన విరమించి నిర్మాణమునకే పరిమితమైనారు. 1957లో వచ్చిన 'దాంపత్యం'తో రమేష్ నాయుడు గారిని తెలుగువారికి సంగీత దర్శకునిగా పరిచయము చేసినారు.

పాడిన పేరు పోవుట ఒక్క తెలుగుననే జరుగలేదు. అదే 1949లో బొంబాయిలో తీసిన 'మహల్' చిత్రములో యువతి లతా మంగేష్కర్ పాడిన ఒక పాట దేశమంతట మారుమ్రోగినది. గ్రామఫోను పలక మీద ఆమె పేరు లేదు. తెరమీది పాత్ర పేరు కామిని అని అచ్చువేసినారు. పాడినదెవరని శ్రోతలు రేడియోకు ఉత్తరములు వ్రాయగా, రేడియోవారు కంపెనీ నడిగి పేరు చెప్పవలసి వచ్చినది. పాడినవారి పేరు నేడు ప్రతి పాటకు ముందు చెప్పుచున్నామన్న, అది మా గొప్ప గాదు. కార్డు ముక్కల మీద అడిగిన శ్రోతల పట్టుదల.

కొవ్వూరువారు మొదట తెలుగు పాటను 1938లో ప్రారంభమైన మద్రాసు కేంద్రము నుండి విన్నారు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వచ్చినది. మూడు నెలలు తిరుగకుండ 'కీలుగుఱ్ఱం' విడుదలైనది. పెట్టెలో నుండి వచ్చు ఆ కంఠము ఏడెనిమిది మైళ్ల దూరపు పిల్లదని తెలిసిన ఇండ్లలో ఆ పాట వేరుగా వినిపించియుండును. కార్డు వ్రాసిన శ్రోత వయసు మాకు తెలియదు. వారు ఆ మాట తల్లి నోటనో, అమ్మమ్మ నోటనో విన్నవారు కావలెను.

కృష్ణవేణి గారికి 2004 సంవత్సరపు రఘుపతి వెంకయ్య పురస్కారము లభించినది. అప్పటికి ఘంటసాల గారు పోయి ముప్పది ఏండ్లు, ప్రసాద్ గారు పోయి పదేండ్లు. రామారావు గారు 1996లోనే కాలధర్మము నొందినారు. 2014లో అంజలీదేవి గారును వెళ్లిపోయినారు. వారందరి వెనుక మిగిలిన కృష్ణవేణి గారు నూరవ ఏడు నిండించుకొని, 2025 ఫిబ్రవరి 16న హైదరాబాదులో కన్నుమూసినారు.

ఇప్పుడు మా జాబితాలో ఆ పాట ఎదుట గాయని పేరు ఎఱ్ఱ సిరాతో వ్రాసియున్నది. దాని క్రింద చిన్న అక్షరములతో "కొవ్వూరు శ్రోత సవరణ" అని మా సహోద్యోగి ఒకరు చేర్చినారు. ఈ ప్రసంగము చివర ఆ పాటనే మరల వినిపించినాము.