భర్త జాడ తెలియకపోతే

చార్మినారు నుంచి లాడ్ బజారు గాజుల దుకాణాల మధ్యగా పడమటికి నడిస్తే హుస్సేనీ ఆలం చేరుకుంటాము. పొట్టకూటి కోసం గల్ఫ్ దేశాలకు పోయిన మగవారి ఇళ్లు పాతబస్తీ గల్లీలలో ఎన్నో వున్నాయి. ఫోను వచ్చిన రోజే ఆ ఇంట పండుగ. ఆ ఫోను ఒకనాడు ఆగిపోయి, నెలలు సంవత్సరాలయితే? ఆ ఇల్లాలు సుమంగళి అని చెప్పలేము, కాదని అనలేము. గాజుల దుకాణం ముందు ఆగాలన్నా ఆమెకు సంకోచమే!

ఇది కొత్తగా పుట్టిన చిక్కు కాదు. స్త్రీకి పునర్వివాహాన్ని అనుమతించే అయిదు ఆపదలను చెబుతూ పరాశరస్మృతి మొట్టమొదట పేర్కొన్నది 'నష్టుడైన' భర్తనే. నష్టమంటే మనకు డబ్బు పోవడమే గాని, సంస్కృతంలో కనబడకుండా పోవడం కూడాను. ముస్లిములలో హనఫీ సంప్రదాయం ప్రకారం ఇటువంటి స్త్రీకి విడుదల దుర్లభం. మాలికీ సంప్రదాయం నాలుగేళ్ల గడువు చెప్పింది. మౌలానా అష్రఫ్ అలీ థానవీ వంటి హనఫీ పండితులే ఆ మార్గాన్ని సమ్మతించారు. తరువాత 1939లో చట్టం వచ్చింది.

ఒకే గల్లీలో ఇరుగుపొరుగున ఇద్దరు స్త్రీలున్నారనుకుందాం. ముస్లిము స్త్రీ భర్త జాడ నాలుగేళ్లు తెలియకపోతే కోర్టుకు వెళ్లవచ్చును. భర్త వారసులకు నోటీసు ఇవ్వాలి. అతని అన్నదమ్ములు, పినతండ్రి పెదతండ్రులు వుంటే వారినీ కక్షిదారులుగా చేర్చాలి. డిక్రీ వచ్చినా ఆరు నెలలదాకా అమలు కాదు. ఆలోగా భర్త వచ్చి కాపురం చేస్తానని కోర్టును నమ్మిస్తే డిక్రీ రద్దవుతుంది.

పక్కింటి హిందూ స్త్రీకి 1955 నాటి వివాహ చట్టం వర్తిస్తుంది. సహజంగా కబురు తెలియవలసిన బంధుమిత్రులకు ఏడేళ్లుగా అతడు బ్రతికివున్నట్టు తెలియకపోతే విడాకులు కోరవచ్చును. భార్య జాడ తెలియని భర్తకూ ఇదే నియమం.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఏడేళ్లు గడిస్తే పెళ్లి దానంతటదే రద్దు కాదు సుమా! డిక్రీ లేకుండా మళ్లీ పెళ్లాడితే, మొదటి భర్త బ్రతికేవుంటే ఆ రెండో పెళ్లి చెల్లదు. కాపురమూ పోతుంది, పరువూ పోతుంది.

అన్ని సందర్భాలలోనూ అంతకాలం ఆగనక్కరలేదు. కావాలనే వదిలిపోయాడని రుజువు చేయగలిగితే హిందూ స్త్రీకి రెండేళ్లు చాలును. పోషణ ఇవ్వకుండా రెండేళ్లు గడిస్తే ముస్లిము స్త్రీకీ దావా వేసే హక్కు వున్నది.

మనిషే దొరకనప్పుడు సమన్లు ఎవరికి అందించాలి? అతడు చివరిసారి నివసించిన ఇంటి గోడకూ, కోర్టు గోడకూ అంటించమని కోర్టు ఉత్తర్వు ఇవ్వవచ్చును, లేదా అక్కడి పత్రికలో ప్రకటన వేయించవచ్చును. కనుక చివరి ఫోను వచ్చిన తేదీ రాసి వుంచుకోవాలి. పోలీసు ఫిర్యాదు, రాయబార కార్యాలయానికి పెట్టుకున్న అర్జీ, తిరిగివచ్చిన ఉత్తరాలు అన్నీ భద్రపరచుకోవాలి. రేపు సాక్ష్యం చెప్పేవి అవే.

భర్త కోసం ఎదురుచూడవద్దని ఏ చట్టమూ చెప్పదు. అయితే జీవితాంతం ఎదురుచూసి తీరాలని కూడా చెప్పదు. ఈ రెండో మాటే ఆ ఇల్లాలికి చాలా ఇళ్లలో ఎవరూ చెప్పరు. మనమైనా చెబుదాం.