వీణతో ప్రయాణము

సెలవులు సమీపించునప్పుడెల్ల, వీణ నేర్చుకొనుచున్న బాలబాలికల తలిదండ్రులు మమ్ము తప్పక అడుగు ప్రశ్న ఒకటి కలదు. "వీణను వెంట తీసికొని పోవలెనా, ఇంటనే ఉంచి పోవలెనా?" అని. ఇంట ఉంచినచో నెల దినముల సాధన వ్యర్థమగును. తీసికొని పోయినచో దారిలో ఏమి ప్రమాదము వాటిల్లునో యని భయము. ఈ చిక్కు పడలేక, "మోయుటకు సులువైన వాద్యమేదైన నేర్పించెదము" అని వీణను మాన్పించిన వారిని కూడ మేమెరుగుదుము. కావున ఇది చూపునకు సామాను సమస్యయే యైనను, నిజమునకు విద్య నిలుచుటకు సంబంధించిన సమస్య. దీనిని గూర్చి మాకు తెలిసినంత వరకు ఇచట వివరించుచున్నాము.

పోయినచోట మరియొకరి వీణను అడిగి తీసికొనరాదా యని కొందరందురు. ఒక్కపూటకు అది చెల్లును. కాని వీణకు గల 24 మెట్లును మైనముపై అమర్చబడినవి. వానిని అమర్చినవాని చెవిని బట్టి, వాయించువారి చేతిని బట్టి ప్రతి వీణకును ఒక నడక ఏర్పడును. బిడ్డ వ్రేళ్లు తన వీణ కొలతలకే అలవాటుపడి యుండును. పోటీకో, ఆరాధనకో పోవు బిడ్డకు పరాయి వీణ నిచ్చుట, పరీక్షకు పోవువానికి ఎరువుతెచ్చిన కండ్లద్దములు పెట్టుట వంటిది.

పూర్వము ఈ చిక్కు అంతగా లేదు. వీణ ధనమ్మాళ్ (1867-1938) ఈ నగరమున జార్జిటౌనులోని తమ యింట శుక్రవారముల నాడు వాయించుచుండగా రసికులే అచ్చటికి పోయి వినెడివారు. తరువాతి కాలమున వీణయే శ్రోతలను వెదకికొని పోవలసి వచ్చెను. ద్రాక్షారామమున 1922లో జన్మించి, ఇచట జెమినీ స్టూడియోలో పనిచేసిన ఈమని శంకరశాస్త్రిగారును, వారి శిష్యులై ఈ నగరముననే నివసించిన చిట్టిబాబుగారును (1936-1996) దేశవిదేశముల సభలలో వాయించిరి. నేడు మన బిడ్డలకును ఆ ప్రయాణము తప్పదు.

మంచు కురియు దేశములలో జనులు కాళ్లకు స్కీలు అను పొడవైన పలకలు కట్టుకొని కొండవాలులపై జారుదురు. అవి మనిషి యెత్తుండును. అయినను వారు తమ స్కీలను వెంటగొనియే రైళ్లలోను, విమానములలోను పోవుదురు. ఆ కొండ యూళ్ల బస్సులకు వెలుపల స్కీలు నిలుపు చట్రములుండును. విమానసంస్థలు స్కీల సంచికి ప్రత్యేక నియమములు వ్రాసి యుంచినవి. పలువురు చిరకాలముగా వానితో ప్రయాణించుటచే వానికి దారి ఏర్పడినది. వీణకు అట్టి దారి ఇంకను ఏర్పడలేదు. గనుక వీణతో పోవువారు టికెట్టు కొనుటకు ముందే ఆలోచించుకొనవలెను. స్టేషనులో ఆలోచించి ప్రయోజనము లేదు.

మొదట వీణ శరీరమును ఎరుగవలెను. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో చేయు ఏకాండ వీణకు కుండయు, దండియు ఒకే పనసమ్రానున తొలిచినవి. దానిని విడదీయుటకు వీలులేదు. అతుకుల వీణలలోనైనను ఆ అతుకు ప్రయాణమున విప్పుటకు ఏర్పడినది కాదు. విప్పదగినది దండి క్రిందనుండు బుర్ర ఒక్కటియే. దానిని మర త్రిప్పి తీసి, మెత్తని గుడ్డలో చుట్టి వేరుగా ఉంచవలెను. కుండపై నుండు గుర్రము తీగల బిగువుచేతనే నిలిచియుండును. అందుచే తీగలను కొంత సడలింపవలెనే కాని పూర్తిగ విప్పరాదు. పెట్టెలో దండి పొడవునను గుడ్డలు పేర్చి ఆధారమీయవలెను. యాళి ముఖము పెట్టెగోడకు తగులరాదు. బిరడలకు ఒత్తిడి కలుగరాదు.

వీణకు దెబ్బకంటె ఎండ గొప్ప శత్రువు. మెట్ల క్రింది మైనము వేడికి మెత్తబడును. కొన్ని ఏండ్ల క్రిందట ఒక వేసవిలో మేము బాలికలను పోటీకి తీసికొని పోవుచు, దారిలో భోజనమునకు దిగి, ఒక వీణను ఎండలో నిలిపిన కారు వెనుక అరలో రెండు గంటలు విడిచితిమి. తెరచి చూడగా మూడు మెట్లు ఒరిగియుండెను. సాయంకాలమే పోటీ, ఆ యూర మెట్లు సరిచేయువారు లేరు. ఆ బాలిక కంటతడి పెట్టక, వీణను ప్రక్కనుంచి, తాను వాయింపవలసిన కీర్తననే పాడి వచ్చినది. ఆమె ధైర్యమునకు సంతసించితిమి. కాని తప్పు మాదే. ఆనాటి నుండి వీణను మనుష్యులు కూర్చుండుచోటనే ఉంచుట మాకు నియమమైనది.

ఇక రైలు. ప్రయాణికులతో పెట్టెలోనికి రాదగిన పెట్టె కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు అని రైల్వే నియమము. మూడవ అంతస్తు ఏ.సి. బండిలోను, చైర్‌కారులోను అది 55, 45, 22.5 సెంటీమీటర్లు మాత్రమే. వీణ పొడవు సుమారు నాలుగు అడుగులు. గనుక నియమమును బట్టి అది లగేజీ ఆఫీసులో బుక్ చేయబడి బ్రేకువ్యానులో పోవలసిన వస్తువు. పలువురు వీణను తమతోనే ఎక్కించుకొనుచున్నను, అది అధికారుల దయయే కాని మన హక్కు కాదు. కావున రెండు మూడు దినములు ముందుగా స్టేషనుకు పోయి విచారించుట మేలు. బరువునకు కూడ మితి కలదు: స్లీపరు తరగతిలో 40 కిలోలు, రెండవ తరగతిలో 35 కిలోలు ఉచితము. 5 మొదలు 12 ఏండ్ల లోపు పిల్లలకు అందు సగమే. బండిలో వీణను సీటు క్రింద త్రోయరాదు; కాళ్లు తగులును, నీరు చేరును. పరుపు మీద గోడవైపు నుంచి, జారకుండ కట్టవలెను.

ఎగ్మూరునుండి తంజావూరు చేరి, అచటినుండి బస్సులో తిరువయ్యారు పోవువారికి చివరి 13 కిలోమీటర్లే కష్టతరము. ఆరాధన దినములలో బస్సులు క్రిక్కిరిసి యుండును. నలుగురు కలిసి ఒక బండిని కుదుర్చుకొనిన శ్రేయస్కరము. ఆటోలో ఎక్కినప్పుడు వీణ కొన బయటికి చాచకుడు. ప్రక్కబండి రాసుకొనిన చాలును, యాళి విరుగును.

విమానమున ప్రయాణికుని కడనుంచుకొను సంచికి మన దేశములో సాధారణమైన కొలత 55, 35, 25 సెంటీమీటర్లు. దిగువ అరలో వేయు సామానుకు మూడు కొలతల మొత్తము 158 సెంటీమీటర్లు మించరాదని పలు సంస్థల నియమము. 135 పొడవు, 42 వెడల్పు, 38 ఎత్తు గల వీణపెట్టెను లెక్కింపుడు, 215 అగును. అనగా దానికి అదనపు రుసుము తప్పదు, ముందుగా తెలుపుటయు తప్పదు. మనకు మూడు మార్గములు కలవు. గట్టి పెట్టెలో నుంచి సామానుగా వేయుట మొదటిది; గుడ్డసంచిలో వీణను ఎన్నడును వేయరాదు. వాద్యమునకు వేరొక సీటు కొనుట రెండవది. కొన్ని సంస్థలు దీనికి అంగీకరించును. ప్రయాణము కొఱకు విడదీయుటకు వీలుగా చేసిన వీణనో, బెంగుళూరు రాడెల్ సంస్థ చేయు ఎలక్ట్రానిక్ వీణనో కొనిపోవుట మూడవది. శ్రుతిపెట్టె యొక్క విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోను, పటకారు, కత్తి మున్నగునవి దిగువ సామానులోను ఉండవలెను.

1978 నుండి జరుగుచున్న క్లీవ్‌లాండు త్యాగరాజ ఉత్సవము వంటి వానికి పోవువారు మరికొన్ని సంగతులు ఎరుగవలెను. అమెరికా దేశమున 2012లో చేసిన శాసనమును అనుసరించి 2015 మార్చి నుండి ఒక నిబంధన అమలులో నున్నది. మూడు కొలతల మొత్తము 150 అంగుళములు, బరువు 165 పౌన్లు మించని వాద్యమును, విమానమున చోటున్నంతవరకు, ఆ దేశపు సంస్థలు సామానుగా అంగీకరింపవలెను. తాతల నాటి వీణపై ఏనుగుదంతపు నగిషీ యున్నచో దానిని సరిహద్దు దాటింపకుడు. అంతర్జాతీయ ఒప్పందములును, మన 1972 నాటి వన్యప్రాణి చట్టమును దానిని కఠినముగ అదుపుచేయుచున్నవి. నూరేండ్లకు మించిన వీణకు పురావస్తు చట్టము వర్తించును. విలువగల వీణకు బయలుదేరునప్పుడే కస్టమ్సువారి ధ్రువపత్రము తీసికొనినచో తిరిగి వచ్చునప్పుడు సుంకపు తగవుండదు. అంతర్జాతీయ ప్రయాణమున సామాను చెడినచో అందిన 7 దినములలోపల వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెనని 1999 నాటి మాంట్రియల్ ఒప్పందము. కాబట్టి బయలుదేరుటకు ముందే వీణకు ఫోటోలు తీసియుంచుడు. దిగినచోటనే పెట్టె తెరచి చూడుడు. శ్రుతి మాత్రము కొంతసేపు విశ్రాంతి యిచ్చిన తరువాత మెల్లగా చేయింపుడు.

ఇన్ని జాగ్రత్తలు చదివి తలిదండ్రులు అధైర్యపడరాదు. వీనిలో ఎక్కువ భాగము ఒకమారు నేర్చుకొనిన చాలును. వీణను కట్టుట, విప్పుట, మోయుట బిడ్డచేతనే చేయింపుడు. అదియు శిక్షణలో భాగమే. తన వీణను తానే జాగ్రత్తగా ఊరు చేర్చి, తాతమ్మల ముందు కూర్చుండి ఒక కీర్తన వాయించిన బిడ్డ ఆ విద్యను సులభముగా విడువదు. ఈ సెలవులలో వీణలు తాళమువేసిన యిండ్లలో ఒంటరిగా ఉండకుండుగాక యని మా కోరిక.