కకూ బీ: పరాయి గూట్లో గుడ్డు పెట్టే తేనెటీగ.. ఇలా గుర్తుపట్టొచ్చు!

కోకిల కాకి గూట్లో గుడ్డు పెడుతుందని తెలిసిందే. తేనెటీగల్లోనూ అలాంటివి ఉన్నాయి. అవే కకూ బీలు. మన దేశంలో కనిపించే 'థైరియస్' రకానికి నల్లటి ఒంటిపై నీలం లేదా తెల్ల మచ్చలుంటాయి. నేలలో, మట్టి గోడల్లో ఉండే నీలి చారల తేనెటీగ గూట్లో గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు అక్కడి పుప్పొడి తినేస్తుంది. అందుకే ఆడ ఈగ కాళ్లకు పుప్పొడి మోసే ఒత్తైన వెంట్రుకలుండవు.

ఫొటో ఒక్కదానితో జాతి తేలడం కష్టం. ముఖం, వీపు, పక్క నుంచి ఫొటోలు తీసి తేదీ, ఊరు, పువ్వు పేరుతో ఐనాచురలిస్ట్‌లో పెట్టండి.

ఇదెందుకంటారా? థైరియస్ కకూ బీ తిరుగుతోందంటే దగ్గర్లో నీలి చారల తేనెటీగ ఉండే అవకాశం ఎక్కువ. టమాటా, వంగ పూలను గట్టిగా అదిరించి పుప్పొడి రాల్చే తేనెటీగల్లో ఇదీ ఒకటి. కనిగిరి వైపు మిర్చి, పత్తికి మందు కొట్టే రైతులు దీన్ని గమనిస్తే మంచిది.